ఒంటిచేతి ఇలవేల్పు

13 జూన్ 1993, ఆదివారం

పొద్దున చర్చిలో వాక్యం చదివిన నోటితోనే మధ్యాహ్నం ఇంకో దేవుడిలా మాట్లాడాను. ఇది పాస్టరు గారికి చెప్పలేను, అమ్మకు అంతకన్నా చెప్పలేను. అందుకే స్కూల్లో మిగిలిపోయిన ఈ నోటుబుక్కు ఇంటికి తెచ్చుకున్నాను.

ఆట మాది కాదు. అమ్మ మిర్యాలగూడ మిషన్ దవాఖానలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసింది. నాలుగేళ్ల కింద అక్కడి డాక్టరమ్మ వాళ్ల దేశం వెళ్లిపోతూ కొన్ని దుప్పట్లు, గిన్నెలు, ఒక ట్రంకుపెట్టె అమ్మకు ఇచ్చేసింది. పెట్టె అడుగున, పాత స్వెటర్ల కింద ఇంగ్లీషులో ఈ ఆట పుస్తకం దొరికింది. పక్కనే ఒక గుడ్డసంచిలో నేనెప్పుడూ చూడని పాచికలు. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలది ఒకటి. డాక్టరమ్మ కొడుకు తల్లికి తెలియకుండా దాచుకుని మరిచిపోయి ఉంటాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు వేసవి సెలవులు చదివితే గానీ నాకు అర్థం కాలేదు. గడుల అట్ట ఉండదు, కాయలు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి ఆ కథలో తిరుగుతారు. ఏం చేయదలిచారో నోటితో చెబుతారు, అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. నడిపేది నేను.

ఆడేవాళ్లు ముగ్గురు. మా స్కూల్లో లెక్కలు చెప్పే బుచ్చయ్య, కోదాడ మనిషి. నాతో ఇంటర్ చదివిన బీక్యా, ఇప్పుడు ఇదే ఊళ్లో, సూర్యాపేట డిపోలో మెకానిక్కు. బీక్యా చెల్లెలు నీలా, ఇక్కడే ఒక ప్రైవేటు క్లినిక్కులో కట్లు కడుతుంది, సూదులు వేస్తుంది. వాళ్లది ఆత్మకూరు దగ్గర తండా. ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకుని అన్నాచెల్లెళ్లు ఉంటున్నారు.

ఇవాళ ఇలవేల్పులను ఎంచుకున్నాం. పుస్తకం ప్రకారం ప్రతి వేషానికీ ఒక దేవుడి అండ ఉండాలి. మంచుదేశాల వాళ్లు పాతకాలంలో కొలిచిన దేవుళ్లు వాళ్లు. ఆటకొక్కసారి తమ దేవుణ్ని పిలిచి ఒక ప్రశ్న అడగొచ్చు. ఆ దేవుడి గొంతుతో జవాబు చెప్పాల్సింది నేను.

బుచ్చయ్య ఉరుముల దేవుణ్ని తీసుకున్నాడు. నేను తరువాతి పేరు "టైర్" అని చదవగానే బీక్యా పడీ పడీ నవ్వాడు.

"దినమంతా డిపోల టైర్లే మోస్త. ఆదివారం గూడ టైరేనా?"

నీలా నవ్వలేదు. బొమ్మ దగ్గరికి వంగి చూసింది. "ఈయనకు ఒక చెయ్యి ఏమైంది సార్?"

చెప్పాను. దేవుళ్లు ఒక తోడేలు పిల్లను పెంచారు. అది పెరిగిపోయి భయపెట్టింది. కట్టేద్దామని ఒక మాయపట్టీ తెచ్చి, ఇది ఉత్త ఆటే, తరువాత విప్పేస్తాం అన్నారు. తోడేలు నమ్మలేదు. మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి, అప్పుడు కట్టించుకుంటాను అంది. ఈయన ఒక్కడే ముందుకొచ్చి పెట్టాడు. వాళ్లు విప్పలేదు. అది కొరికేసింది.

"విప్పరని ఈయనకు ముందే తెల్సా?"

"తెలుసు."

"అయితే ఈయన గూడ మోసం జేసిండు."

"చేశాడు."

బొమ్మలో ఆ లేని చేతి చోట వేలు పెట్టింది. "జేసిండు గనీ చెయ్యి అడ్డంబెట్టిండు. మిగిలినోళ్లు అదన్న బెట్టలే. నాకు ఈయనే కావాలె."

తన వేషానికి వాళ్ల నాయనమ్మ పేరు పెట్టుకుంది, మోతీబాయి. కత్తి పట్టిన మోతీబాయి. ఆట చివర ఆమె తన ఇలవేల్పును పిలిచినప్పుడు నేను గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాను. గదిలో ఎవరూ కదల్లేదు. పన్నెండేళ్ల నుంచి పాఠాలు చెబుతున్నాను. నా మాట అలా విన్నవాళ్లు లేరు.

15 జూన్

"ఆ దొరసాని కొడుకు దాసిపెట్టిండంటెనే తెలుస్తలేదా, అది మంచిది గాదని?" అంది అమ్మ. అంది గానీ ఆదివారం వాళ్లకు చాయ్ పెట్టేది తనే. నీలాకు రెండు బిస్కెట్లు ఎక్కువ.

20 జూన్, ఆదివారం

ఆటలో గుహ దాకా వచ్చారు. వంతెన దాటుతూ బుచ్చయ్య మంత్రం తప్పిపోయి పడబోతే నీలా చెయ్యందించింది.

ఆట అయ్యాక ఆమె వెనక్కి ఆగింది. వరంగల్ గవర్నమెంటు నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెట్టిందట. మూడేళ్ల ట్రైనింగ్, హాస్టల్లో ఉండాలి. తండాకు పోస్టు ఎప్పుడొస్తుందో తెలియదు, కిరాయి గది ఎప్పుడు మారతారో తెలియదు. అందుకని మా ఇంటి అడ్రసు రాసిందట.

"మీకు పరేషాన్ గాదు గద సార్?"

"దానికేముంది?" అన్నాను.

దానికేముంది. మూడేళ్లు.

27 జూన్, ఆదివారం

ఆట లేదు. నీలాకు డ్యూటీ. బీక్యా, బుచ్చయ్య వచ్చి చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆమె లేకుండా ఆడదామని నేనూ అనలేదు.

7 జూలై, బుధవారం

వచ్చింది. కుమారి నీలా, కేరాఫ్ మత్తయ్య, టీచర్.

కవరు అంచు సరిగ్గా అంటుకోలేదు. వేలితో తాకితే విడిపోయింది. (కాదు, విడదీశాను.) సీటు వచ్చింది. జూలై 19 సోమవారం లోపల సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. ఆలోగా రాకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు.

చాలా సంతోషంగా ఉంది. ఆదివారం అందరి ముందూ ఇస్తాను. ఇప్పుడే క్లినిక్కుకు వెళ్లి ఇవ్వొచ్చు, పది నిమిషాల దూరం. కానీ అందరి ముందూ ఇస్తేనే బాగుంటుంది.

11 జూలై, ఆదివారం

ఇవ్వలేదు.

అందరూ గుహలో అడుగు పెట్టిన రోజు. మధ్యలో ఆపితే ఏం బాగుంటుంది. ఆట అయ్యాక ఇద్దామనుకుంటే బీక్యా తొందరపెట్టాడు, షిఫ్టు ఉందని. ఇంకా ఎనిమిది రోజులుంది.

ఒకటి జరిగింది, అది రాయాలి. ఇలవేల్పును అడిగే వంతు నీలాకు వచ్చింది. గుహలో ఏ దారిన పోవాలో అడుగుతుందనుకున్నాను. ఆమె పాచిక చేతిలో పట్టుకుని, నవ్వుతూనే, "నా కాగితం వస్తదా రాదా?" అంది.

"అది ఆటలోది కాదండీ," అన్నాడు బుచ్చయ్య. "రూలు ఒప్పుకోదు."

"ఒక్కపారి," అంది నీలా, నాకేసి చూసి.

నేను పుస్తకం అడ్డం పెట్టుకుని ఇరవై ముఖాల పాచిక వేశాను. ఎంత పడిందో చూడలేదు. ఆ గొంతుతో, "ఓపిక పట్టు. రావలసింది వస్తుంది," అన్నాను.

ఆ సమయంలో అది నా బల్ల సొరుగులోనే ఉంది. ఆమె మోకాలికి జానెడు దూరంలో.

12 జూలై

అబద్ధమేమీ కాదు. ఓపిక పట్టమన్నాను, రాదనలేదు.

14 జూలై

స్టాఫ్ రూములో బుచ్చయ్య అడిగాడు, "ఆ అమ్మాయి కాగితం సంగతి మీకేమన్నా తెలుసా అండీ? మొన్న జవాబు చెప్పేటప్పుడు మీ మొహం అదోలా పెట్టారు."

"దేవుడి మొహం అది," అన్నాను. ఇద్దరం నవ్వాం.

18 జూలై, ఆదివారం

పొద్దున చర్చికి వెళ్లేముందే ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. ఇవాళ సాయంత్రం బస్సెక్కితే రేపు పొద్దునకు వరంగల్‌లో ఉంటుంది. బీక్యా కూడా తోడు వెళ్లొచ్చు. ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టాను. ఎవరూ అనుకోకూడదు ఆలోచించలేదని.

నీలా అందరికన్నా ముందే వచ్చింది. తండా నుంచి వాళ్లమ్మ పంపిన జొన్నరొట్టెలు, ఎర్రకారం తెచ్చి అమ్మకు ఇచ్చింది. వంటింట్లో ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. జేబులో చెయ్యి ఉంది.

"ఏంది సార్?" అంది.

"ఏం లేదు. రొట్టె వాసన బాగుంది."

తరువాత బీక్యా, బుచ్చయ్య వచ్చారు. మూడు గంటలు ఆడాం. మోతీబాయి గుహలో ఒక్కతే నిలబడి తలుపు కాచింది. పాచిక మూడుసార్లు ఇరవై పడింది. ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. ఇంత మంచి ఆట మేమెప్పుడూ ఆడలేదు.

19 జూలై

సోమవారం.

20 జూలై

ఇప్పుడు ఇచ్చినా లాభం లేదు. ఇది రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడింది. అదే భయంగా ఉంది.

నేను ఆమెను పెళ్లాడాలనుకోలేదు. అలాంటిదేమీ లేదు. అనుకుని ఉంటే కనీసం ఒక కారణం ఉండేది. నలుగురం కూర్చునే ఆ మధ్యాహ్నం పోతుందని, అంతే. ముప్పైరెండేళ్ల మనిషిని. ఆదివారం మధ్యాహ్నం కోసం ఇంకొకరి మూడేళ్లు తీసుకున్నాను.

మళ్లీ చదివితే పై వాక్యం పూర్తిగా నిజం కాదనిపిస్తోంది. ఏ ముక్క కాదో తెలియడం లేదు.

1 ఆగస్టు, ఆదివారం

నీలా కాగితం సంగతి తనే ఎత్తింది. ఆమెతో పాటు దరఖాస్తు పెట్టిన చివ్వెంల అమ్మాయి చేరిపోయిందట.

"నాకు రాలేదంటె నా మార్కులు సాలలేదేమో," అంది. "ఆయన ఓపిక పట్టుమన్నడు గద. వచ్చేయేడు మళ్ల పెడ్త."

బీక్యా అన్నాడు, "మన సేవాలాల్ మహరాజును అడిగినా గదే చెప్తడు. ఎవరైనా గదే చెప్తరు."

నేను పాచికలు సంచిలో వేస్తున్నాను. ఒకటి కిందపడి మంచం కిందికి పోయింది. వెతకడానికి వంగి చాలాసేపు అక్కడే ఉన్నాను.

23 ఆగస్టు, సోమవారం

మనిషి చనిపోయాడు.

పన్నెండు గంటలప్పుడు స్కూలు బయట కేకలు వినిపించాయి. క్లినిక్కు దగ్గర గొడవ అన్నారు. వెళ్లేసరికి అద్దాలు పగిలి ఉన్నాయి. తిరుమలగిరి వైపు పల్లె నుంచి వచ్చిన బీరన్న అనే రైతు, కాలి పుండుకు సూది వేయించుకున్న అయిదు నిమిషాల్లో ఊపిరాడక పడిపోయాడట. నలభై కూడా ఉండవు. ఆయన భార్య సత్తెమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు, ఆయన చెప్పులు ఒళ్లో పెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లే అరుస్తున్నారు.

డాక్టరు అరుగు మీద నిలబడి చేతులు జోడిస్తూ చెబుతున్నాడు. "నేను లోపల వేరే పేషెంటును చూస్తున్నానయ్యా. ఆ పిల్ల నన్ను అడగకుండ ఏసింది. సదువుకోని పిల్ల."

నీలా లేదు. వెనక సందులో నీళ్ల తొట్టి పక్కన బీక్యా ఆమెను పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "మీ ఇంటికి తీసుకపోత, మా గది అందరికి ఎరుకే," అన్నాడు. ముగ్గురం వెనక దారుల్లో నడిచి వచ్చాం. ఆమె కుడి పిడికిలి విప్పలేదు.

అమ్మ ఆమె మొహం కడిగింది, తన మంచం మీద కూర్చోబెట్టింది.

కాసేపటికి నీలాయే చెప్పింది. "ముందుగాల చర్మానికి జరంత ఏసి సూడాలె గద అని డాక్టరును అడిగిన. టైము లేదు, వాళ్లకు బస్సు పోతది, ఏసెయ్ అన్నడు. ఏసిన. ఆయన పడిపోయినంక ఏ మందు ఇయ్యాల్నో నాకు తెల్వదమ్మా. ఆడ మందులు శానా ఉన్నయ్. ఏది ఇయ్యాల్నో తెల్వక అట్ల నిలబడ్డ."

అమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ట్రైనింగ్‌లో నెల రోజులు దాటేవి ఈపాటికి. ఆ సూది వేసే చోట ఆమె ఉండేదే కాదు.

24 ఆగస్టు, మంగళవారం

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాయాలి, నాకు అనుకూలంగా మార్చుకోకముందే.

పది గంటలకు పోలీస్ స్టేషనుకు రమ్మన్నారు. బీక్యా ఆటో కోసం వెళ్లాడు. నీలా ముందు గదిలో, ఆదివారం ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"సార్, ఆయనను ఒక్కపారి పిలుస్తవా?"

అర్థమైంది. అర్థం కానట్టు చూశాను.

"ఆట గాదని నాకు ఎరుకే," అంది. "ఎవరన్న ఒకరు చెప్పాలె. మా అన్నను అడిగితె నీ తప్పు లేదంటడు, అన్న గాబట్టి. అమ్మ గూడ గదే అంటది. ఆయన అట్ల ముఖం సూసి చెప్పడు గద."

"ఏం అడగాలి?"

"నా చెయ్యి పాపం జేసిందా?"

నేను ఆ గొంతు తెచ్చుకున్నాను. తేలిగ్గా వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో అది రాయడానికి సిగ్గుగా ఉంది. "నీ చెయ్యి ఆజ్ఞ పాటించింది. తప్పు నీది కాదు," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. నిన్నటి నుంచి బిగుసుకున్న భుజాలు దిగాయి. నా మాటకు దిగాయి. అది చూడలేకపోయాను.

లేచి సొరుగు లాగి ఉత్తరం ఆమె ముందు పెట్టాను.

అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ ఇంగ్లీషు నెమ్మదిగా చదివింది. చదివి మళ్లీ మొదటి నుంచి చదివింది.

"పంతొమ్మిది అంటె ఆ సోమవారం. ముందు ఆదివారం నేను ఈడనే ఉన్న."

"ఉన్నావు."

"ఇది ఏడుంది?"

"నా జేబులో."

"అంతకుముందు ఆదివారం ఆయనను అడిగిన."

"అడిగింది నన్ను. జవాబు చెప్పింది నేనే. ఆయన లేడు నీలా."

"ఆయన లేడని నాకు తెల్సు," అంది. మొదటిసారి గొంతు పెరిగింది. "నువ్వు ఉన్నవనుకున్న."

ఎందుకు అని అడిగింది. నువ్వు వెళ్తే ఆట ఆగిపోతుందని, అన్నాను. అంతకన్నా ఏదైనా చెప్పడానికి వెతికాను, దొరకలేదు.

"ఆటకా?" అంది. ఇంకోసారి, తనలో తను అనుకున్నట్టు, "ఆటకు."

ఏడవలేదు, తిట్టలేదు. "నిన్న ఆ మనిషి కండ్లు తేలేస్తాంటె నేను ఒకటే అనుకున్న సార్. నాకు ఎవలన్న నేర్పి ఉంటె ఎంత బాగుండు అని." ఉత్తరం మడిచి తన సంచిలో పెట్టుకుంది. నేను చెయ్యి చాపానేమో తెలియదు, "ఇది నాది," అంది.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

ఆటో వచ్చింది. అమ్మ చెప్పులు వేసుకుని వాళ్లతో వెళ్లింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. స్కూలుకు వెళ్లి ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెప్పాను.

25 ఆగస్టు

నీలాను నిన్న సాయంత్రమే పంపించేశారు. నేను సాయం చేసింది ఏమీ లేదు. ఆ పిడికిలిలో ఉన్నది డాక్టరు చేత్తో రాసిన చీటీ. పేరు, మందు, ఎంత వెయ్యాలో, ఆ రోజు తేదీ. అందరూ మీదపడుతున్నప్పుడు కూడా దాన్ని వదల్లేదు. ఎస్సై చీటీ చూసి డాక్టరును పిలిపించాడట.

ఈ సంగతి బుచ్చయ్య ద్వారా తెలిసింది. అమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

29 ఆగస్టు, ఆదివారం

బీక్యా వచ్చాడు, ఒక్కడే. కొడతాడనుకున్నాను. ఎదురుచూశాను కూడా. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా చెల్లె ఇంట్ల కూసోని ఆ కాగితం పది సార్లు సదివింది," అన్నాడు. "నేను నీతోని ఇంటర్ల ఒక్క బెంచి మీద కూసున్న మత్తయ్యా. మా తండాకెల్లి నేనే మొదటోణ్ని. ఆమె రెండోది. నీకు తెల్వదా ఎంత కష్టమో?"

"తెలుసు."

"తెల్సు గదా? అదే అడుగుదామని వచ్చిన."

వెళ్లిపోయాడు.

5 సెప్టెంబరు

ఉపాధ్యాయ దినోత్సవం. ఆదివారమైనా పిల్లలు ఇంటికొచ్చి నాకు పూలదండ వేశారు.

12 సెప్టెంబరు, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తిరుమలగిరి బస్సెక్కాను. సత్తెమ్మను చూడాలని. చూసి ఏం చెప్పాలో దారంతా సరిచేసుకున్నాను. మీ ఆయన చావుకు నేనూ కారణం అని చెప్పాలి. కానీ ఆమెకు నేనెవరు, ఉత్తరం ఏమిటి, ఆట ఏమిటి? చెప్పేలోపల ఆమెకు అన్నం చల్లారిపోతుంది.

బస్టాండులో దిగి బీరన్న ఊరికి దారి అడిగాను. పత్తిచేల మధ్య మూడు కిలోమీటర్లు అన్నారు. ఒక టీ తాగాను. సూర్యాపేట బస్సు తిరిగి వెళ్తుంటే ఎక్కాను.

19 సెప్టెంబరు, ఆదివారం

అమ్మ మాట్లాడింది.

"నేను మిర్యాలగూడ పోతున్న. నీలా గూడ వస్తది. మా దవాఖానల చిన్న నర్సుల ట్రైనింగు ఉన్నది గద. పెద్ద సిస్టరమ్మ ఇంక నన్ను మరిచిపోలే. కాళ్లు పట్టుకోనైనా వచ్చే బ్యాచిల ఏయిస్త."

"నేనూ వస్తానమ్మా. జరిగింది చెబుతాను వాళ్లకు."

"నువ్వు రావద్దు. ఆమెకు నువ్వెందుకు?" పెట్టెలో చీరలు సర్దుతూనే ఉంది. "నేను ఇరవై రెండేండ్లు ఆడ పియ్యి ఎత్తిన్రా మత్తయ్యా. నువ్వు గా ఇంగిలీసు పుస్తకాలు సదవాలెనని. నిన్ను సూస్తె కోపం గాదు నాకు. సిగ్గు."

ఆ మాట అన్నాక నా చొక్కాలు కూడా మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

20 సెప్టెంబరు

అమ్మ లేదు. బల్ల సొరుగు ఖాళీ. ఆట పుస్తకం, పాచికలు ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టాను. కాల్చేద్దామనుకున్నాను. కాల్చితే ఏదో చేసినట్టు అనిపిస్తుందని ఊరుకున్నాను.

6 జూన్ 1994

నీలా మిర్యాలగూడలో చేరింది. మూడేళ్ల చదువు కాదు, ఏడాదిన్నరది. అమ్మ కార్డు రాసింది. "చేరింది" అన్న ఒక్క మాటే.

17 ఫిబ్రవరి 1998, కోదాడ

ఈ నోటుబుక్కు దొరికింది. మూడున్నరేళ్లు ఏమీ రాయలేదు. బుచ్చయ్య చెప్పిన స్కూల్లో చేరి రెండేళ్లయింది, అమ్మ నాతోనే ఉంటోంది. నిన్న ఆయాసం ఎక్కువైతే ఇక్కడి గవర్నమెంటు దవాఖానలో చేర్చాను.

ఆ వార్డులో నీలా ఉంది.

అమ్మకు తెలుసట, నెల నెలా ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయట. నాకు చెప్పలేదు, అంతే. నీలా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నన్ను చూసి, "బాగున్నరా సార్," అంది. ఎవరినైనా అడిగినట్టే. స్టాఫ్ నర్సులవి తెల్ల బట్టలు, ఈమెది నీలం అంచు చీర. తనకన్నా చిన్నదైన స్టాఫ్ నర్సు వచ్చి, "నీలా, ఆ సీసా మార్చు," అంటే వెళ్లి మార్చింది. ఆ మూడేళ్ల చదువు చదివి ఉంటే చెప్పేది ఈమె.

18 ఫిబ్రవరి

ఇవాళ మధ్యాహ్నం వరండాలో ఆమె ఒక్కతే దొరికింది. బల్ల మీద చీటీలు సర్దుకుంటోంది. రాత్రంతా అనుకున్న మాటలు మొదలుపెట్టాను.

"నీలా, ఆ కాగితం సంగతి..."

"చెప్పినవ్ గద సార్." తల ఎత్తలేదు. "అప్పుడే చెప్పినవ్. విన్న."

"అప్పుడు సరిగ్గా చెప్పలేదు. ఎందుకు చేశానో..."

"ఎందుకైతేంది? ఇప్పుడు మళ్ల చెప్తె నాకు కొత్తగ తెలిసేది ఏముంది? నీకు తేలికైతది. గంతే."

"క్షమించమని అడగాలని."

అప్పుడు చూసింది నాకేసి. కళ్ల కింద నలుపు. ముప్పై కూడా ఉండవు.

"అది నాతోని గాలే సార్. క్షమించాలని సూసిన, అమ్మ మొకం సూసి. గాలే. అట్లని దినాం నిన్ను తిట్టుకుంట గూడ కూసుంటలేను. నాకు పదారు మంచాలున్నయ్."

నేను అక్కడే నిలబడ్డాను.

"అమ్మ పొద్దున ఏం తిన్నది?" అంది, కలం తీసి.

"ఇడ్లీ."

"ఎన్ని?"

నాకు తెలియదు. పొట్లం అక్కడ పెట్టి స్కూలుకు పోయాను. లోపలికి వెళ్లి అడిగితే, ఒకటిన్నర అంది అమ్మ. వచ్చి చెప్పాను. నీలా చీటీ మీద రాసుకుని వార్డులోకి, అమ్మ పక్క మంచానికి వెళ్లింది.